చెంప మీద బ్యాంకు ముద్ర

రండి, కూర్చోండి. ఆ స్టూలు వద్దు, దానికో కాలు పొట్టి. గోడవారగా ఉన్న కుర్చీ లాక్కోండి. ఒక్కటే మనవి, కిటికీకి అడ్డం రాకండి. ఈ గదికున్న ఆస్తల్లా ఆ ఉత్తరపు కిటికీయే. మే, జూన్, జూలై నెలల్లో తప్ప దాంట్లోంచి ఎండ సూటిగా లోపలికి దూరదు. వెలుతురు మాత్రం పొద్దున్నుంచీ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. రాజమండ్రిలో ఈ అద్దెకి ఇంతకంటే మంచి గది దొరుకుతుంది గానీ ఇంతకంటే మంచి కిటికీ దొరకదు. ఫ్యాను వెయ్యను, ఏమీ అనుకోకండి. పెన్సిలు పొడి లేచి కాగితమంతా పడుతుంది. కార్తీకమాసమే కదా, ఓర్చుకోవచ్చు.

మెట్ల మీద చెప్పుల చప్పుడు విన్నారా? ఎవరో వస్తున్నారు.

కుర్రాడికి ముప్పై అయిదు దాకా ఉంటాయి. గడ్డం మాసి ఉంది, భుజం మీద తువ్వాలు, కళ్ళకింద నాలుగైదు రోజుల నిద్ర బాకీ. గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. "మాస్టారూ, ఎల్లుండి పెద్దకర్మండి. మా అమ్మ బొమ్మ వేసిపెట్టాలి" అంటున్నాడు. నేను డ్రాయింగు మాస్టారుగా రిటైరై చాలా ఏళ్ళయింది. ఈ పేటలో ఇంకా మాస్టారినే.

ప్లాస్టిక్ కవర్లోంచి రెండు వస్తువులు తీసి బల్లమీద పెట్టాడు. ఒకటి తళతళలాడే పెద్ద ఫోటో ప్రింటు. రెండోది బ్యాంకు పాస్‌బుక్కు.

"ఫోటో స్టూడియోలో పెద్దది చేయించామండి. అక్క చూసి, ఇది అమ్మ కాదు అనేసింది. చేత్తో వేయించమంది."

ప్రింటు చూడండి. వొలిచిన కోడిగుడ్డులా చర్మం. ఒక్కో కనురెప్ప వెంట్రుకా విడివిడిగా, సినిమా తార కళ్ళకి ఉన్నట్టు. అరవై దాటిన మనిషి అని జుట్టు ఒక్కటే చెబుతోంది. వాళ్ళక్క మాట నిజం, ఈవిడ అమ్మ కాదు, ఎవరో. చిన్న మసక ఫోటోని ఈ కంప్యూటరు పద్ధతుల్లో పెద్దది చేస్తే, అందులో లేని వివరం ఎక్కణ్ణించో రావాలి కదా. ఆ కంప్యూటరు అంతకుముందు చూసిన వేలాది ముఖాల్లోంచి వస్తుంది. అందరి ముఖాలూ కలిసి ఒక అందమైన పరాయి మనిషి తయారవుతుంది.

పాస్‌బుక్కు మొదటి పేజీలో అసలు ఫోటో ఉంది. పాస్‌పోర్టు సైజు, ఎప్పుడో స్టూడియోలో తీయించింది, గట్టి కాగితం. పింఛను ఖాతా. ఫోటో మీద సగం, పేజీ మీద సగం పడేలా బ్యాంకువాళ్ళు ఊదారంగు ముద్ర గుద్దారు. ముద్ర అంచు ఎడమ చెంప మీంచి దవడ దాకా నెలవంకలా దిగింది. (ఎడమంటే కాగితానికి ఎడమ. ఆవిడ ఎడమా మన ఎడమా అన్న తకరారు ఈ పనిలో రోజూ ఉండేదే.) ఆ నెలవంక కింద చెంప ఎలా ఉందో నాకు కనబడదు. స్టూడియోవాడు ముద్ర చెరిపేసి నున్నటి చెంప ఒకటి పెట్టేశాడు.

"ఇంకేమైనా ఫోటోలున్నాయా బాబూ?"

ఫోన్లో రెండు దొరికాయి. పెళ్ళిలో తీసిన గుంపు ఫోటోలో ఆవిడ మూడో వరసలో ఉంది, ముఖం మిరియపు గింజంత. ఇంకోటి మనవడు తీసిన సెల్ఫీ, నాయనమ్మ పక్కన వాడి బుర్ర సగం. ఇది పనికొస్తుంది, కానీ జాగ్రత్తగా వాడుకోవాలి. అడుగు దూరం నుంచి తీసిన సెల్ఫీలో ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనబడుతుందని 2018లో అమెరికాలో డాక్టర్లు లెక్కకట్టారు. దగ్గరగా ఉన్నది పెద్దగా, దూరంగా ఉన్నది చిన్నగా, అంతే సంగతి. ముక్కు ముందుకొస్తుంది, చెవులు వెనక్కి పారిపోతాయి. సెల్ఫీ చూసి బొమ్మ వేస్తే గుమ్మడికాయకి ముక్కు అంటించినట్టు వస్తుంది. అయినా ఇందులో ఆవిడ నవ్వుతోంది. పై వరసలో ఒక పక్క పళ్ళు లేవని తెలిసింది. అది నాకు కావాలి.

"బొట్టు పెట్టమంటారా?" అని అడిగాను. పాస్‌బుక్కులో నుదురు బోసిగా ఉంది.

"నాన్న పోయాక మానేసిందండి. అక్కనడిగి ఫోన్ చేస్తాను." మెట్లు రెండు దిగి మళ్ళీ వెనక్కొచ్చాడు. "మాస్టారూ, కొంచెం రంగు తేల్చండి. అమ్మ చామనఛాయ."

నేను తలూపలేదు, ఊపకుండానూ ఉండలేదు. ఇన్నేళ్ళలో ఈ మాట అడగని ఇల్లు లేదు. ఆ విషయం తర్వాత చూద్దాం.

ఇప్పుడు పది గంటలు. బోర్డు మీద కాగితం నాలుగు మూలలా క్లిప్పులు పెట్టాను. ఈ పెన్సిళ్ళన్నీ చూసి కంగారు పడకండి. పొద్దుట హెచ్‌బీ, మధ్యాహ్నం 2బి, 4బి, సాయంత్రం 6బి, ఆఖర్న చార్‌కోల్ పెన్సిలు. అదిగో ఆ బూడిదరంగు ముద్ద రబ్బరు, చపాతీపిండిలా పిసకచ్చు. చెరపడానికంటే అద్దడానికే ఎక్కువ వాడతాను.

భూతద్దం కింద స్కేలు పెడితే, ఫోటోలో నడినెత్తి నుంచి గడ్డం కొస దాకా 30 మిల్లీమీటర్లు. నా కాగితం మీద 21 సెంటీమీటర్లు రావాలి, అంటే ఇంచుమించు మనిషి తల అసలు కొలత. ఏడు రెట్లు. ఫోటో మీద నా కన్ను అర మిల్లీమీటరు తప్పు చూస్తే, కాగితం మీద అది మూడున్నర మిల్లీమీటర్లు అవుతుంది. ముఖంలో మూడున్నర మిల్లీమీటర్లంటే ఏమిటో తెలుసా? అమ్మకీ పిన్నికీ ఉన్నంత తేడా.

అందుకే గళ్ళు. పారదర్శకంగా ఉండే షీటు మీద 3 మిల్లీమీటర్ల గళ్ళు గీసి ఫోటో మీద పరిచాను. కాగితం మీద 21 మిల్లీమీటర్ల గళ్ళు, చెరిపితే జాడ లేకుండా పోయేంత పల్చగా. ఏ గడిలో ఏ గీత ఎక్కడ దూరి ఎక్కడ బయటపడుతోందో చూసి దింపుకోవడమే. చిన్నప్పుడు సినిమా బ్యానర్లు రాసేవాళ్ళు గోడంత హీరోని ఇలాగే దింపేవాళ్ళు, నోరు తెరుచుకుని చూసేవాణ్ణి. అమెరికాలో చక్ క్లోజ్ అని ఒక చిత్రకారుడుండేవాడు. తన ముఖాన్నే దాదాపు తొమ్మిదడుగుల ఎత్తున గళ్ళ పద్ధతిలో వేశాడు, 1967, 68 ప్రాంతాల్లో. తమాషా ఏమిటంటే, ఆయనకి మనుషుల ముఖాలు గుర్తుండని జబ్బు. ఎదురుపడ్డ మనిషిని పోల్చుకోలేనివాడు జీవితమంతా ముఖాలే వేశాడు. ముఖాన్ని బల్లపరుపు కాగితంగా చదును చేసుకుంటే గానీ ఆయన బుర్రలో నిలిచేది కాదట.

మనకి తిప్పలు ఇంకో వైపు నుంచి. ముఖం మనకి మరీ బాగా తెలుసు. తెలిసినందువల్లే తప్పు గీస్తాం.

చూడండి, ఇక్కడ అడ్డంగా ఒక గీత గీస్తున్నాను. నడినెత్తికీ గడ్డానికీ సరిగ్గా మధ్య, పదిన్నర సెంటీమీటర్ల దగ్గర. కళ్ళు ఈ గీత మీద కూర్చోవాలి. నమ్మరు కదూ? బళ్ళో ఎవరికి ముఖం గియ్యమన్నా కళ్ళు నుదుటి మీద పెట్టేవాళ్ళు. ఏటేటా కొత్త పిల్లలు, అదే తప్పు. మనిషితో మాట్లాడేటప్పుడు మన చూపు కళ్ళ మీదా నోటి మీదా తిరుగుతుంది. నుదురూ మాడూ మనకి బీడు పొలం. చూడం కాబట్టి చిన్నదనుకుంటాం. అందుకే కొత్తవాళ్ళ బొమ్మల్లో తల పైన కొడవలితో కోసేసినట్టుంటుంది. చెవులూ అంతే. పై అంచు కనుబొమ్మ ఎత్తున, కింది అంచు ముక్కు అడుగున ఉండాలి. పెద్దవాళ్ళలో చెవి తమ్మె ఇంకా కిందికి సాగుతుంది. ఈవిడకీ సాగింది, దుద్దుల బరువు కూడా తోడయింది.

పదకొండున్నరకి గీతలన్నీ పడ్డాయి. ఇప్పుడు బోర్డు తలకిందులు చేస్తున్నాను. ఫోటోని కూడా. బెట్టీ ఎడ్వర్డ్స్ 1979లో రాసిన పుస్తకం మా అబ్బాయి అమెరికా నుంచి పంపాడు. అందులో ఆవిడ పికాసో గీసిన స్ట్రావిన్‌స్కీ బొమ్మని తలకిందులు పెట్టి కాపీ చెయ్యమంటుంది. అలా తిప్పితే అది ముక్కు అని మనసు చెప్పడం మానేస్తుంది, కంటికి వట్టి గీతలూ ఖాళీలూ మిగులుతాయి. నేను పుస్తకం రాకముందే మా గురువుగారి దగ్గర ఈ కిటుకు నేర్చుకున్నాను గానీ, అమెరికాలో అచ్చయ్యాక దానికి విలువ పెరిగింది.

అలాగని తలకిందుల బొమ్మనీ పూర్తిగా నమ్మకూడదు. 1980లో ఇంగ్లండులో, యార్క్ యూనివర్సిటీ వాడు, పీటర్ థాంప్సన్ ఒక పని చేశాడు. మార్గరెట్ థాచర్ ఫోటో తీసుకుని, కళ్ళూ నోరూ మాత్రం కత్తిరించి తిరగేసి అంటించాడు. ఫోటో తలకిందులుగా ఉన్నంతసేపూ అంతా బాగానే ఉందనిపిస్తుంది. నిలబెట్టగానే దయ్యం! తలకిందులుగా చూస్తే విడి గీతలు తెలుస్తాయి, మొత్తం కూర్పు తెలియదు. అందుకని గీతలు తలకిందులుగా సరిచూసుకోవాలి, పోలిక నిలబెట్టి చూసుకోవాలి. మధ్యలో బోర్డు తిప్పితిప్పి మెడ పట్టేస్తుంది. అదీ ఈ పనిలో భాగమే.

పన్నెండు దాటింది, ఇక కళ్ళు. ఇంకాస్త దగ్గరికి జరగండి, ఇది చూడాలి.

తెల్లగుడ్డు అని పేరు గానీ అది తెల్లగా ఉండదు. గుండ్రటి గోళీ కదా, పక్కలకి తిరిగినకొద్దీ నీడ పడుతుంది. పై రెప్పకి మందం ఉంది, దాని నీడ కూడా కంటి మీద పడుతుంది. తెల్లగుడ్డుని తెల్లకాగితంగా వదిలేశారా, మనిషి బొమ్మరిల్లు బొమ్మలా గుడ్లప్పగించి చూస్తుంది. అందుకని మొత్తం కంటి మీద ముందు హెచ్‌బీతో పల్చటి బూడిద పూత. కంట్లో అచ్చమైన తెలుపు ఒక్క చోటే, ఆ మెరుపు చుక్క. దాన్ని చెరిపి తెచ్చుకోకూడదు, మొదటినుంచీ కాగితాన్ని ఖాళీగా కాపాడుకుంటూ రావాలి. ఆవగింజంత జాగా. నా అరచేయి చెమట దాని మీద పడకుండా, చేతికింద చూడండి, టిష్యూ కాగితం.

ఫోటోలో ఆ మెరుపు నల్లగుడ్డుకి నట్టనడుమ పడింది. ఎదురుగా ఫ్లాష్ కొట్టారు. ఫ్లాష్ ముఖాన్ని బల్లపరుపు చేస్తుంది, నీడలన్నీ తినేస్తుంది. నీడ లేకపోతే ముక్కెంత ఎత్తో, కళ్ళెంత లోతో నేను ఎలా చెప్పను? మెరుపుని కొద్దిగా పైకి, ఎడమకి జరిపాను, పదకొండు గంటల ముల్లు ఉండే దగ్గరికి. కిటికీ పక్కన కూర్చుంటే పడే చోటు అది. ఇక బొమ్మ మొత్తానికీ వెలుతురు ఎడమ పైనుంచే రావాలి. ఒక్క చుక్క జరిపినందుకు ముఖంలో నీడలన్నీ నేనే సృష్టించుకోవాలి.

నల్లగుడ్డు అంచు చూడండి. పెద్దవాళ్ళలో ఆ అంచు చుట్టూ బూడిదరంగు వలయం వస్తుంది. ముసలితనం చూపించాలంటే చాలామంది ముడతలు గీకుతారు. ఈ వలయం పల్చగా వేస్తే చాలు, పదిహేనేళ్ళు పెరుగుతాయి. ముడతని గీతలా గీస్తే కత్తిగాటు అవుతుంది. ముడత అంటే పొలంగట్టు లాంటిది. ఒక పక్క వాలు మీద వెలుతురు, రెండో పక్క నీడ. రెండూ వేసి, రెండిట్నీ మెల్లిగా చర్మంలో కలిపెయ్యాలి. అన్నీ వెయ్యక్కర్లేదు. నాలుగు వేస్తే చూసేవాళ్ళు మిగిలినవి వాళ్ళే చూసుకుంటారు.

ఫోన్. "మాస్టారూ, అక్క పెట్టమందండి. చిన్నది. ఎర్రది అక్కర్లేదు, నల్లగానైనా పర్లేదంది." పెన్సిలు బొమ్మలో ఎరుపెక్కడిది? అయినా ఆ అమ్మాయి అంతదాకా ఆలోచించింది. బొట్టు మాత్రం ఆఖర్న. తల ఇరుసు సరిగ్గా తేలకుండా బొట్టు పెడితే ముఖమంతా పక్కకి ఒరిగినట్టవుతుంది.

భోజనమా? మీరు కానివ్వండి, ఎదురుగా మెస్సుంది. నేను మధ్యలో లేస్తే చెయ్యి చల్లబడుతుంది.

ముక్కుకి గీతలుండవు. రెండు రంధ్రాలూ, ఒక పుటం వంపూ తప్ప మిగిలిందంతా నీడే. పక్కన గీత గీసి ముక్కు చెయ్యాలనుకున్నవాళ్ళు చిలకముక్కు చేస్తారు. నోరు ఇంకా మొండిది. పెదవుల చుట్టూ గీత గీస్తే లిప్‌స్టిక్ వేసినట్టుంటుంది. వెలుతురు పైనుంచి పడుతుంది కాబట్టి పై పెదవి నీడలో, కింది పెదవి వెలుగులో ఉంటాయి. రెండిటి మధ్య చీకటి గీత ఒక్కటే గట్టిగా వెయ్యచ్చు. అసలు సంగతి నోటి మూలల్లో ఉంది. మూల ఒక నూలు పైకి లేస్తే ఎగతాళి, కిందికి దిగితే ఏడుపు. ఈవిడకి ఒక పక్క పై పళ్ళు లేవు. ఆ పక్క పై పెదవి లోపలికి ముడుచుకుని, మూల దగ్గర చిన్న కుచ్చు పెట్టినట్టు ముడతలు దిగాయి. స్టూడియో ప్రింటులో రెండు పక్కలూ సమానం. రెండు పక్కలూ సమానంగా ఉన్న ముఖం నేనింతవరకూ చూడలేదు.

మూడయింది. చర్మం మొదలు. పొద్దుట ఆ కుర్రాడు అడిగిన రంగు సంగతి ఇప్పుడు. తెల్లటి ముఖం వెయ్యడం సులువే, కాగితం ఎలాగూ తెల్లగానే ఉంది, సగం పని అదే చేసిపెడుతుంది. నల్లటి చర్మం మీద మెరుపు ఎంత బాగుంటుందో చూడండి. నుదుటి మీద ఒకటి, ముక్కు కొసన ఒకటి, చెక్కిలి ఎముక మీద ఒకటి. చుట్టూ చర్మం చిక్కగా ఉండబట్టే అవి అంత వెలుగుతాయి. చర్మం తేలిస్తే మెరుపులు చచ్చిపోతాయి, ముఖం పిండిబొమ్మ అవుతుంది. చిక్కదనం కోసం 6బి అదిమి అదిమి రుద్దితే పెన్సిలు సీసం అద్దంలా మెరిసి, నలుపు కాస్తా బూడిదగా కనబడుతుంది. అందుకే జుట్టుకీ, కంటిపాపకీ, మెడ కింది నీడకీ చార్‌కోల్. ఆవిడ ఛాయ ఆవిడకి ఉంచేశాను. ఆ కుర్రాడు మళ్ళీ అడగడు. ఎవరూ అడగరు, పోలిక వస్తే.

పోలిక వస్తే.

నాలుగున్నర. లేచి మెట్ల దగ్గరికి వెళ్ళి అక్కణ్ణించి చూడండి. ఏమనిపిస్తోంది? మొహమాటపడకండి. అవును, బాగానే ఉంది. ఒక పెద్దావిడ. ఎక్కడో చూసినట్టే ఉంది. పాస్‌బుక్కులో ఉన్నావిడ కాదు.

కన్ను కన్నే, ముక్కు ముక్కే. విడివిడిగా దేనికీ వంక పెట్టలేం. కలిపితే మనిషి రాలేదు. ఈ ఘట్టం ప్రతి బొమ్మలోనూ వస్తుంది, ఇన్నేళ్ళైనా కడుపులో అదే బరువు. ఎదురుగా మనిషి కూర్చుంటే గంటలో పదిసార్లు మారుతుంది, ఆ పదిట్లో ఒకటి ఏరుకోవచ్చు. ఫోటోలో సెకనులో నూరో వంతు ఉంది, అంతే. అదీ బ్యాంకు కోసం బిగుసుకుని కూర్చున్న నూరో వంతు.

కుర్రతనంలో పోలిక రానప్పుడల్లా దామెర్ల రామారావు గ్యాలరీకి వెళ్ళిపోయేవాణ్ణి. ఆయనదీ ఈ ఊరే. 1897లో పుట్టి, 28 నిండకుండానే 1925లో మశూచితో పోయాడు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు కూల్డ్రే ఆ కుర్రాడి చెయ్యి చూసి బొంబాయి జేజే స్కూలుకి తోలాడు కాబట్టి మనకా మాత్రం దక్కాడు. ఆ బొమ్మల ముందు నిలబడ్డప్పుడు మా గురువుగారు, "ముక్కూ మూతీ చూడకురా, మధ్యలో ఏముందో చూడు" అనేవారు. మధ్యలో ఏముంటుంది, ఏమీ ఉండదు అనుకునేవాణ్ణి. ఆ ఏమీ లేనిదే ముఖం అని తెలియడానికి నాకు నలభై ఏళ్ళొచ్చాయి. కంటికీ కనుబొమ్మకీ మధ్య జాగా. ముక్కుకీ పెదవికీ మధ్య గాడి. మీ ఇంట్లో అన్నదమ్ముల్ని తలుచుకోండి, ముక్కులూ కళ్ళూ ఒకటే. తేడా అంతా జాగాల్లోనే.

డివైడర్ అందుకోండి. కాదు, ఆ పొడుగు కాళ్ళది. ఫోటోలో ముక్కు అడుగు నుంచి పై పెదవి దాకా... రెండు మిల్లీమీటర్లకి ఒక పిసరు తక్కువ. ఏడు రెట్లు చేస్తే 13. నా కాగితం మీద 15. ఇదిగో, దొరికింది! పళ్ళు లేని పెదవి లోపలికి ముడుచుకుందని చూస్తూ చూస్తూ, మూతిని కిందికి లాగేశాను. రెండు మిల్లీమీటర్లు. నోరంతా ముద్ద రబ్బరుతో లేపి, రెండు మిల్లీమీటర్లు పైన మళ్ళీ వెయ్యాలి. మధ్యాహ్నపు పనంతా పోయింది.

అయిదుంపావు. కిటికీలో వెలుతురు పసుపెక్కింది. నోరు మళ్ళీ కూర్చుంది. ఆవిడ దగ్గరికొచ్చింది, గుమ్మం దాకా వచ్చి లోపలికి రానన్నట్టు నిలబడింది.

ఇంకేదో ఉంది.

ఎడమ చెంప? ముద్ర కింద చెంపని సెల్ఫీలోంచీ, కుడి చెంపలోంచీ ఊహించి వేశాను. అది కాదు. నుదురూ కాదు. పాస్‌బుక్కుని కిటికీ గట్టు మీదికి తెచ్చి భూతద్దం ఆనించాను. మీరూ చూడండి. కళ్ళ మధ్య, ముక్కుదూలానికి రెండు పక్కలా ఆ చిన్న మచ్చలు కనబడుతున్నాయా? ఒక్కోటి చీమతలంత. పొద్దుట నేనూ చూశాను. ఫోటో కాగితం పాతబడి పడ్డ మరకలనుకున్నాను. గీతలు పాస్‌బుక్కులోంచే దింపుకున్నా, షేడింగ్ వేసేటప్పుడు ముద్ర లేదు కదా, శుభ్రంగా ఉంది కదా అని స్టూడియో ప్రింటు పక్కన పెట్టుకున్నాను. అందులో అవి లేవు. మరకలని అదీ చెరిపేసింది. ఏ మనిషిని పొద్దుట ఎవరో అని వెక్కిరించానో, ఆ మనిషి ముక్కే ఈవిడకి పెట్టాను.

మరకలైతే రెండు పక్కలా ఒకే ఎత్తులో ఎందుకుంటాయి? ఒక్కోదానికీ పై అంచున నీడ, కింది అంచున సన్నటి మెరుపు. గుంటలవి. కళ్ళజోడు గుంటలు. ఏళ్ళ తరబడి ఒకేచోట ఆనితే ముక్కుకి అలా పల్లం పడుతుంది. ఫోటోకి కూర్చోబోయే ముందు జోడు తియ్యమని ఎవరో అని ఉంటారు.

ఇప్పుడు ఆ కళ్ళు మళ్ళీ చూడండి. కనుబొమ్మలు కొంచెం పైకి లేచి ఉన్నాయి, పొద్దుటినుంచీ ఫ్లాష్‌కి బెదిరిందనుకుంటున్నాను. బెదురు బాగుండదని, పాపం, నేను వాటిని ఒక పిసరు దింపి ప్రశాంతంగా చేశాను. ఆవిడ బెదరలేదు. జోడు లేక, ఎదురుగా ఉన్నది పోల్చుకుందామని కనుబొమ్మలు ఎత్తి చూస్తోంది.

లైటు వెయ్యండి, ఆ పక్క స్విచ్చి. ట్యూబులైటు కింద నీడలు నమ్మకూడదు గానీ, ఇది రేపటిదాకా ఆగదు. కనుబొమ్మలు తుడిచి ఉన్నచోటికి ఎత్తాను. దూలానికి అటూ ఇటూ 2బి మొనతో చిక్కుడుగింజ ఆకారంలో చిన్న నీడ, దాని కింద ముద్ద రబ్బరుని సూదిమొనలా నలిపి ఒక అద్దు. ఎడమ గుంట. కుడి గుంట. మొత్తం అయిదు నిమిషాల పని.

ఇప్పుడు మెట్ల దగ్గరికి వెళ్ళి చూడండి. నేను చూడను, నాకు భయం. మీరే చెప్పండి.

ఊఁ. నాకూ అలాగే అనిపిస్తోంది.

మర్నాడు పదింటికి మళ్ళీ వచ్చారు కదా మీరు, మంచి పని చేశారు. పొద్దుటి వెలుతుర్లో మెడ నీడ కాస్త సరిచేసి, బొట్టు పెట్టాను, కందిగింజంత. కుర్రాడి వెనకాలే వాళ్ళక్క వచ్చింది. నేను బొమ్మ మీంచి టిష్యూ తీశాను. అక్కడ ఏడుస్తారని మీరు అనుకుంటారు, చాలామంది ఏడవరు. ఆ అమ్మాయి దగ్గరికి రాలేదు. దూరం నుంచే, కొత్త చుట్టాన్ని చూసినట్టు చూసింది. తమ్ముడు ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"కళ్ళజోడు తీసేశాక ఇలాగే చూసేదండి, మాస్టారూ" అంది కాసేపటికి.

చేతిసంచీలో వెతికి గుడ్డలో చుట్టిన కళ్ళజోడు బయటికి తీసింది. ఒక కాడకి నల్లదారం చుట్టి ఉంది. రెండు కాడలూ విప్పి, బొమ్మ ముందుకొచ్చి, రెండు చేతులతో మెల్లిగా ముఖం దగ్గరికి పట్టుకుంది.

"తాకించకమ్మా, పొడి రేగుతుంది" అన్నాను.

"తాకించనండి."

కాగితానికి వెంట్రుకవాసి దూరంలో ఆపింది. జోడు అసలు కొలతే, నా బొమ్మా దాదాపు అసలు కొలతే. ఎడమ గుంట మీద ఎడమ బిళ్ళ సరిగ్గా కూర్చుంది. కుడిది ఒక బియ్యపుగింజ కింద.

నేను రబ్బరు అందుకున్నాను.